అంగడి ముందర కొట్టిన గుమ్మడికాయ

మా కొడుకు అజయ్ పుంగనూరులో నూనె గానుగ పెడతానన్నప్పుడు చుట్టాలంతా ఏమాత్రం మిగులుతుందని అడిగినారు. నేను మాత్రం, "ఆ రోకలి తిరిగేటప్పుడు ఎవరి కొంగన్నా పడితే ఎట్టరా?" అని అడిగినాను. వాడు నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. ఏది చూసినా నాకు అట్లే తోస్తుంది. బస్సెక్కితే బ్రేకులు గుర్తొస్తాయి, వానొస్తే కరెంటు తీగెలు గుర్తొస్తాయి, ఫోను మోగితే ఎవరికి ఏమయిందో అనుకుంటాను. "మునిరత్నా, నీ నోట ఒక్కరోజన్నా మంచిమాట రాదే" అనేవాడు మా ఆయన. ఆయన పోయినాక ఆ మాట అనేవాళ్లు లేకుండా పోయినారు. భయం మాత్రం ఆయన వాటా కూడా నాకే వచ్చింది.

గానుగ అంటే పాతకాలం ఎద్దుల గానుగ కాదు. చెక్క రోలు, చెక్క రోకలి, కింద కరెంటు మోటారు. తంబళ్లపల్లె పక్క పల్లెల నుంచి కూడా మూటలు మోసుకుని వచ్చేవాళ్లు. చెనక్కాయ పప్పు పోసినాక ఎవరూ ఇంటికి పోరు. వాళ్ల నూనెలో పక్కోళ్ల నూనె కలుస్తుందని అనుమానం. తిరిగే రోకలి పక్కనే ముక్కాలి పీట వేసుకుని, నూనె కారేదాకా కళ్లార్పకుండా కూర్చుంటారు. వాళ్లు నూనెను చూస్తా ఉంటే నేను వాళ్ల కొంగుల్ని చూస్తా ఉండేదాన్ని.

కుప్పంలో మా అన్న కొడుకు మునిశేఖర్ ఇన్సూరెన్సు ఏజెంటు. నా బాధ పడలేక అజయ్ వాణ్ని పిలిపించినాడు.

"అత్తా, నీ భయానికి నా దగ్గర మందుండాది" అన్నాడు వాడు, కాఫీ తాగతా. "సూడు, అజయ్ బావకి ఇప్పుడుండే పాలసీ బావ ఒంటికి. బావ కాలిరిగితే బావకొస్తాది. అంగడికొచ్చినోళ్ల కాలిరిగితే దాంట్లో ఏమీ రాదు. దానికి అంగడి పేరుతో వేరే పాలసీ కట్టాల. అంగడి వల్ల బయటోళ్లకు దెబ్బ తగిలితే, మీరు ఇచ్చుకోవాల్సింది కంపెనీ ఇస్తాది."

"కట్టరా" అన్నాను అజయ్‌తో, ఊపిరి పీల్చుకోకుండా.

"ఇంకోటి కూడా ఉండాదత్తా. ఇంటోళ్లు సొంతంగా చేసిన పనివల్ల బయటోళ్లకు ఏమన్నా అయితే..."

"మా ఇంట్లో ఎవరు ఎవరికి ఏం చేస్తారప్పా? నోరు మంచిదిగా పెట్టుకో" అని కసిరినాను. వాడు నవ్వి సంచి మూసుకున్నాడు. ఆ మాట అన్న నోరు ఇదే.

అంగడి పాలసీ కట్టినాక కూడా నాకు నమ్మకం కుదరలేదు. కాగితం కాగితమే, దిష్టి దిష్టే. గానుగ బాగా జరుగుతోందని ఊరంతా చెప్పుకుంటా ఉంటే ఎవరి కన్ను పడుతుందో అనుకునేదాన్ని. అందుకని ప్రతి అమావాస్యకూ పొద్దుగూకేటప్పుడు బూడిద గుమ్మడికాయకు బొక్క పెట్టి, లోపల కుంకుమ పోసి, పైన కర్పూరం వెలిగించి, అంగడికి తిప్పి రోడ్డు మీద పగలగొట్టేదాన్ని.

"కొట్టుకుంటే కొట్టుకో గానీ, వెంటనే ఊడ్చి పారెయ్యమ్మా. జనం తిరిగే దోవ" అనేవాడు అజయ్.

"ఊడిస్తే దిష్టి మళ్లీ మన గడపలోకే వస్తాదిరా. అది అట్లే ఉండాల."

"ఎంతసేపు?"

నేను చీపురు తీసుకుని లోపలికి పోయేదాన్ని. ఎవరో ఒకరు తొక్కేదాకా అని నాకు తెలుసు. మా అమ్మ అట్లే చెప్పింది, ఆమెకు వాళ్లమ్మ చెప్పింది. నా బిడ్డకు తగిలిన చెడుచూపు తొక్కినోళ్ల వెంట పోతుంది. ఆ తొక్కేవాళ్లు ఎవరని నేను ఎప్పుడూ అనుకోలేదు. లోకంలో ఉండే భయాలన్నీ పడినదాన్ని, ఆ ఒక్కటీ ఆలోచించలేదు.

మా అంగడికి ఎదురు సందులో ఖుర్షీదా ఇల్లు. రవికెలు కుట్టేది. ఆమె మిషను తొక్కితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. మొగుడు లేడు. ఒక్కతే కూతురు మెహ్‌నాజ్, మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది. మా గానుగ తెరిచిన రోజు మొదటి మూట ఖుర్షీదాదే. "అక్కా, నా చెయ్యి మంచిదే, భయపడొద్దు" అని నవ్వింది ఆ రోజు.

మొన్న శ్రావణం ముందర వచ్చిన అమావాస్య రోజు ఆమె నూనె పట్టించుకుని, క్యాను చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. నేను అప్పుడే గుమ్మడికాయ కొట్టి చేతులు కడుక్కుంటా ఉన్నాను. ధబ్ మని చప్పుడు. తిరిగి చూస్తే రోడ్డు మీద ఖుర్షీదా. కుడికాలు తొడ దగ్గర్నించి పక్కకు తిరిగిపోయి ఉండాది. నూనె క్యాను మూత ఊడిపోయి నూనెంతా పారి, మా అంగడి కింది మెట్టుదాకా వచ్చింది. గుమ్మడి గుజ్జూ, కుంకుమా, నూనే కలిసి ఆమె బురఖా అంతా పూసుకుంది.

"అల్లా... అక్కా, కాలు, కాలు" అని ఒకటే మాట.

నేను పరిగెత్తలేదు. ఆ మాట రాసేదానికే సిగ్గయితాంది. అక్కడే నిలబడి, దేవుడా, మావాడి మీదికి కేసొస్తుందే అనుకున్నాను. ముందు వచ్చిన తలపు అదే. అజయ్ దూకి ఆమెను ఎత్తుకుని ఆటోలో వేసుకుని ఊళ్లో ఆస్పత్రికి పోయినాడు. అక్కణ్నుంచి మదనపల్లె ఆస్పత్రికి.

తొడ ఎముక విరిగిందన్నారు. ఆపరేషనుకు సర్కారు ఆరోగ్య కార్డు పనికొచ్చింది. కానీ చాన్నాళ్లు కాలు కింద పెట్టకూడదు, ఆ తర్వాత కూడా మిషను తొక్కేది చూసుకుని చెప్తామన్నారు. మెహ్‌నాజ్ కాలేజీ మానేసి మంచం పక్కన కూర్చుంది.

"ఆ పిల్ల చదువు ఆగిపోతాదమ్మా" అన్నాడు అజయ్. "మనం ఇచ్చుకోవాల. కానీ మన దగ్గర ఏముండాది, గానుగ మీద బ్యాంకోళ్ల అప్పే తీరలేదు. పాలసీ ఉండేది ఇట్టాంటి దానికే కదా. కుప్పం పోయొద్దాం పద."

పలమనేరు మీదుగా పోయినాము. బైరెడ్డిపల్లె దాటి కుప్పం చేరేదాకా నేను ఆ పాలసీ కాగితాన్ని కొంగులో కప్పి పట్టుకున్నాను, పసిబిడ్డను పట్టుకున్నట్టు.

మునిశేఖర్ అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"గుమ్మడికాయ కొట్టింది ఎవరు?"

"నేనే."

"నువ్వు అంగడిలో పనిచేస్తావా అత్తా? జీతముండాదా?"

"కన్నకొడుకు దగ్గర జీతమేందిరా?"

"అయితే అంగడి పనిలో కొట్టలేదు. నీ భయానికి నువ్వు కొట్టుకున్నావు. అది నీ సొంతం. పైగా ఆయమ్మ పడింది యాడ? అంగడి లోపల కాదు, రోడ్డు మీద."

"దిష్టి తీసింది అంగడికే కదరా! మా ఇంటికి తీసినానా?"

"ఆ మాట కంపెనీ వాడికి సెప్పు. గుమ్మడికాయ కొట్టేది నూనె తీసే పనిలో భాగమా అంటాడు. భాగమే అంటే, కొట్టి రోడ్డు మీద యాల వదిలేసినారు అంటాడు. ఏం సెప్తావు? ఎవరన్నా తొక్కాలని వదిలేసినాం సార్ అని సెప్తావా?"

అజయ్ తల దించుకున్నాడు. మునిశేఖర్ భార్య కాఫీ లోటాలు పెట్టి, నా మొగం చూసి లోపలికి పోయింది.

"నేనా రోజు సెప్పిన ఇంకో పాలసీ ఉంటే ఏమన్నా అడిగేదానికి ఉండేది" అన్నాడు వాడు నిదానంగా. "నోరు మంచిదిగా పెట్టుకోమన్నావు."

అప్పుడు నాకు నూనె గుర్తొచ్చింది. మెట్టుదాకా పారిన నూనె. అజయ్ ఫోనులో ఎదురంగడి వాళ్లు పంపిన ఫొటో కూడా ఉండాది. అందులో గుజ్జు కన్నా నూనే బాగా మెరుస్తా ఉండాది.

"శేఖరూ" అన్నాను. "గుమ్మడికాయ మాట ఎత్తకుండా, మెట్టు మీద నూనె ఉంటే జారిందని చెప్తే?"

నా నోట్లోంచే వచ్చింది. ఎవరూ చెప్పించలేదు. మునిశేఖర్ నా పక్క చూడలేదు, అజయ్ పక్క చూసినాడు.

"అట్టా సెప్పమని నేను సెప్పను. ఈ పని మీద బతికేవాణ్ని. కంపెనీ నుంచి మనిషొస్తాడు, ఆయమ్మను కూడా అడుగుతాడు. మీ మాటా ఆయమ్మ మాటా ఒకటే అయితే అది మీ ఇష్టం."

"వద్దమ్మా" అన్నాడు అజయ్.

"ఆయమ్మకు మంచే కదరా జరిగేది? డబ్బు వచ్చేది ఆమెకే కదా" అన్నాను. అబద్ధానికి కూడా ఒక ధర్మం దొరుకుతుంది, వెతికితే.

మరుసటి రోజు అజయ్‌కి చెప్పకుండా మదనపల్లె బస్సెక్కినాను. అరటిపండ్లూ, బ్రెడ్డూ కొన్నాను. నూనె సీసా కూడా తీసుకున్నాను, ఆమెది నేలపాలయింది కదా అని. ఆస్పత్రి మెట్ల మీద నిలబడి ఆ సీసాను మళ్లీ సంచి అడుక్కు తోసేసినాను. నూనె ఆమె కళ్లబడితే నేను వచ్చిన పని ముందే తెలిసిపోతుందని అనిపించింది.

ఖుర్షీదా కాలు దిండ్ల మీద పెట్టి ఉండాది. నన్ను చూసి లేవబోయింది.

"రా అక్కా, రా. ఇంతదూరం ఒక్కదానివే వచ్చినావా? బస్సంటే నీకు భయం కదా. మెహ్‌నాజ్, కుర్చీ వెయ్."

మెహ్‌నాజ్ కుర్చీ వేసింది. నేను తెచ్చిన పండ్లు తీసుకుని కిటికీలో పెట్టింది.

"నొప్పి ఎట్టుండాది?"

"సూదులేస్తే తగ్గుతాది, మళ్లీ వస్తాది. నీ మొగమేంది అట్టా అయిపోయింది? తినలేదా?"

ఆమె నన్ను అడుగుతా ఉంది, తిన్నావా అని. నేను సంచిలో చెయ్యి పెట్టి సీసాను గట్టిగా పట్టుకున్నాను.

"ఖుర్షీదా, అజయ్ అంగడికి ఒక పాలసీ ఉండాది. అంగడిలో ఎవరికన్నా దెబ్బ తగిలితే వాళ్లకొస్తాది. నీకు రావాల అది. కానీ గుమ్మడికాయంటే ఇయ్యరంట. అది నా సొంత పనంట. అందుకని... వాళ్ల మనిషి వచ్చి అడిగితే, మెట్టు మీద నూనె ఉండాది, దాని మీద జారినాను అని..."

పక్క మంచం ఆమె కూడా ఇటు తిరిగి వింటా ఉంది. ఖుర్షీదా దుప్పటి అంచు సర్దుకుంది. కోపం రాలేదు ఆమెకు. వచ్చి ఉంటే బాగుండేది.

మెహ్‌నాజ్ నవ్వింది. నవ్వంటే నవ్వు కాదు.

"మా అమ్మీ ఆల్రెడీ ఒక అబద్ధం చెప్పేసింది ఆంటీ. ఇంకోటి చెప్పేదానికి లేదు."

"చుప్, మెహ్‌నాజ్."

"యాల చుప్? తెలియాల కదా. ఆ రోజు డాక్టర్లు ఎట్ల పడినావని అడిగితే, ఇంట్లో నీళ్లు పోసుకునే బచ్చలి దగ్గర జారినానని చెప్పింది. రోడ్డు మీద, అంగడి ముందర అంటే పోలీసోళ్లు వస్తారంట. అజయన్నను స్టేషనుకు పిలుస్తారంట. కాలు వేలాడతాండాది, ఈమెకు అజయన్న గురించి దిగులు! నూనె మా అమ్మీది. చెనక్కాయలు మా అమ్మీవి. కాలు మా అమ్మీది. గుమ్మడికాయ ఒక్కటే మీది. మీరేం పోగొట్టుకున్నారు ఆంటీ, పోయి ఇంకోటి కొనుక్కోండి."

"బేటీ!" అని ఖుర్షీదా చెయ్యెత్తింది. లేవలేక చెయ్యి మంచం మీదే పడిపోయింది.

ఆమె పడిన రోజు నాకు వచ్చిన మొదటి తలపు ఏదో, ఆమెకు వచ్చిన మొదటి తలపు కూడా అదే. మావాడి మీదికి కేసొస్తుందే అని. నేను నిలబడి అనుకున్నాను, ఆమె ఎముక విరిగి అనుకుంది.

"అక్కా, నువ్వు అంతదూరం వచ్చి అడిగినావు" అంది ఖుర్షీదా. "కావాలంటే మార్చి చెప్తాలే. నొప్పిలో తెలియక బచ్చలి అన్నానని చెప్తా. నీకు మంచి జరుగుతాదంటే."

"నాకు కాదు, నీకు..." అనబోయినాను.

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు" అన్నాను చివరికి. "గుమ్మడికాయ ముందరే పడి ఉండాది కదా. చూడలేదా నువ్వు?"

"చూసినా. చూడకేం?" అంది. "కుంకుమా అదీ కనిపించింది. నీకు ఆ పట్టింపులు జాస్తి కదా, దాన్ని తొక్కితే నీకు బాధయితాదని పక్కకు కాలేసినా. ఒక ముక్క ఆ పక్క కూడా ఎగిరి ఉండాది."

తొక్కాలని వదిలేసినదాన్ని నేను. తొక్కితే నాకు బాధయితుందని పక్కకు జరిగింది ఆమె.

నేను కుర్చీలోంచి లేచినాను. కాళ్లు పట్టుకుందామంటే ఒక కాలు కట్లలో ఉండాది. "ఏం మార్చి చెప్పొద్దు ఖుర్షీదా. ఎవరూ రారు, అడగరు" అని చెప్పి, సీసా తీసి కిటికీలో పండ్ల పక్కన పెట్టి బయటికొచ్చేసినాను. బస్సులో ఆ రోజు బ్రేకులు గుర్తు రాలేదు.

అజయ్‌కి అంతా చెప్పినాను. వాడు గానుగ ఆపి, చేతులు తుడుచుకుని, మునిశేఖర్‌కి ఫోన్ చేసి, "క్లెయిమ్ ఏమీ లేదు బావా" అన్నాడు. అవతల వాడేమన్నాడో, "లేదు, పాలసీ మంచిదే. మేమే దానికి తగినోళ్లం కాదు" అని పెట్టేసినాడు. ఆ మాట నన్నే అన్నాడని నాకు తెలుసు.

ఖుర్షీదాను ఇంటికి తెచ్చినాక నేను ఆ ఇంటికి పోవడం మొదలుపెట్టినాను. నాకు రవికె కత్తిరించేది రాదు. లంగాలు కుట్టగలను, చీరకు ఫాల్ వెయ్యగలను, హుక్కులు కుట్టగలను. చిన్నప్పుడు మా పెద్దమ్మ మిషను తొక్కిన కాళ్లు ఇవి. ఖుర్షీదా మంచం మీద పడుకునే గుడ్డ కత్తిరించి ఇస్తుంది, నేను తొక్కుతాను, వంకర పోతే ఆమె విప్పదీయిస్తుంది. మెహ్‌నాజ్‌ని మళ్లీ కాలేజీకి పొమ్మన్నాను. అది వెంటనే పోలేదు. నా కుట్టు ఒకటి చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టుకుని చూసి, "ఇట్టా కుడితే ఉండే గిరాకీ కూడా పోతాది" అని, మరుసటి రోజు నుంచి పొద్దున బస్సుకు పోయింది. సాయంత్రం వచ్చి నా కుట్లలో సగం మళ్లీ కుట్టుకుంటుంది.

రవికెలకు వచ్చే ఆడోళ్లు వాకిట్లో నిలబడి నన్ను చూస్తారు. "ఏంది మునిరత్నమ్మా, కొత్తగా కుట్టు నేర్చుకుంటాండావా?" అంటారు. కారణం వాళ్లకు తెలుసు. తెలిసే అడుగుతారు. నేను తల వంచి సూదిలో దారం ఎక్కిస్తాను. ఎక్కదు.

మళ్లీ అమావాస్య వచ్చింది. చేతులు ఊరుకోలేదు. పొద్దున్నే సంతలో గుమ్మడికాయ కొనేసినాను. సాయంత్రం దాన్ని చంకలో పెట్టుకుని అంగడి ముందర నిలబడినాను. కొట్టకపోతే అజయ్‌కి ఏమన్నా అయితే? మోటారు కాలితే? ఎవరి కొంగన్నా రోట్లో పడితే? వాడు లోపలి నుంచి చూస్తానే ఉన్నాడు, వద్దనలేదు, కొట్టమనలేదు.

రోడ్డు మీద జనం పోతా ఉన్నారు. ఒక ముసలాయన, చంకలో బిడ్డతో ఒకామె. ఎవరు తొక్కితే బాగుండు అని ఒక్కొక్కరి కాళ్లూ చూసినాను. నాకు చాతకాలేదు.

ఇంటికి పోయి, దాన్ని ముక్కలు కోసి, చింతపండూ బెల్లమూ వేసి పులుసు పెట్టినాను. గిన్నె తీసుకుని సందు దాటినాను.

ఖుర్షీదా మూత తీసి వాసన చూసి, "గుమ్మడికాయా?" అంది. కళ్లు పెద్దవి చేసి, "అక్కా, రోడ్డు మీద వేసేది నా కంచంలో వేస్తాండావా?" అని నవ్వింది.

మెహ్‌నాజ్ నవ్వలేదు. కంచం తెచ్చి, అన్నం పెట్టి, దాని మీద పులుసు పోసి, నా ముందర పెట్టింది.

"మీరు ముందు తినండి ఆంటీ."

ఖుర్షీదా ఏదో అనబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టినాను. అంగడికి తిప్పని కాయే అది, కర్పూరం కూడా వెలిగించలేదు. అయినా మొదటి ముద్ద ఎత్తి, నా బిడ్డ దిష్టి అంతా అందులోనే ఉందన్నట్టు భయపడతానే నోట్లో పెట్టుకున్నాను. మింగినాను. ఇంకో ముద్ద కలిపినాను.

అప్పుడు మెహ్‌నాజ్ పోయి వాళ్లమ్మకు కంచం తెచ్చింది.